అరువు గొంతు

నేను ఒక కంప్యూటరు పెట్టెను. తెర నాది కాదు, కీబోర్డు నాది కాదు. ఏ ఊళ్ళో ఎవరివి దొరికితే వాటితో సర్దుకుపోయాను. నా సొంతమని చెప్పుకోదగ్గవి బూడిదరంగు రేకు డొక్క, లోపల గురక పెట్టే ఒక ఫ్యాను, కాస్త జ్ఞాపకశక్తి. అదీ ఈ కాలపు లెక్కలో చిటికెడు.

పుట్టింది మొదలు నేను చూసింది బేరమే. అందుకని నా కథ కూడా బేరం పద్ధతిలోనే చెబుతాను. ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నాను, బదులుగా ఏమిచ్చాను అన్నదే నా లెక్క. డబ్బు సంగతి నన్ను కొన్నవాళ్ళు చూసుకున్నారు, దాంతో నాకు పని లేదు.

నన్ను బెజవాడలో మెట్ల కింద ఉన్న ఒక చిన్న షాపులో బిగించారు. నాలుగు దేశాల నుంచి వచ్చిన భాగాలను ఒక పెద్దమనిషి ఒక చేత్తో స్క్రూడ్రైవరు, ఇంకో చేత్తో పునుగు పట్టుకుని ఒకటిగా చేశాడు. ఆ నూనె మరక నా లోపలి పలక మీద ఇప్పటికీ ఉంది. నా శరీరంలో కచ్చితంగా ఆంధ్రదేశానిది అని చెప్పగలిగేది అదొక్కటే.

మొదట చీరాలలో ఒక నెట్ సెంటరుకు వెళ్ళాను. పరీక్షా ఫలితాల రోజున నా ముందు ఊరంతా నిలబడేది. పాసైనవాళ్ళు దేవుడికి దణ్ణం పెట్టేవాళ్ళు, తప్పినవాళ్ళు నా కీబోర్డును గుద్దేవాళ్ళు. అక్కడ నేనిచ్చింది నిజం, పుచ్చుకున్నది దెబ్బలు. తరవాత ఒక శుభలేఖల ప్రెస్సు వాళ్ళు తీసుకున్నారు. ఆరేళ్ళలో కొన్ని వేల పెళ్ళిళ్ళు చేశాను. ఒకసారి వధువు పేరు తారుమారై ఇంకో ఇంటి పిల్ల పేరు పడితే, నాలుగు వందల కార్డులు పంచాక గాని ఎవరూ గమనించలేదు. మనుషులు తమ పేరు తప్ప ఇంకేమీ చదవరని అక్కడ తెలుసుకున్నాను. ఈ తెలివి ఆ ప్రెస్సు నాకు ఊరికే ఇచ్చింది.

శుభలేఖల మీద బొమ్మలు పెద్దవై, నేను నెమ్మదించాక, మస్తాన్‌వలీ అనే రిపేరు మనిషి నన్ను తీసుకెళ్ళాడు. ఒక కొత్త మౌసు ఇచ్చి నన్ను తెచ్చుకున్నాడు. ఆరేళ్ళ చాకిరీకి నా వెల ఒక మౌసు. బాధపడలేదు. మార్కెట్టు ఏ రోజు ఎంతంటే అంతే.

మస్తాన్‌వలీ ముప్పై అయిదేళ్ళవాడు, మాట మంచిది, చేయి ఇంకా మంచిది. తన షాపు అరలో నన్ను ఎనిమిది నెలలు ఉంచి, ఒక రోజు దుమ్ము దులిపి, స్కూటరు మీద ముందు నిలబెట్టుకుని శ్రీ భావన్నారాయణ పార్సిల్ సర్వీసుకు తీసుకెళ్ళాడు. నా అసలు జీవితం అక్కడ మొదలైంది.

ఆ పార్సిల్ ఆఫీసు చీరాల రైల్వే గేటుకు అవతల ఉండేది. ముందు ఒక గది, వెనక పొడుగాటి గోడౌను. చీరల బేళ్ళు, జీడిపప్పు డబ్బాలు, పచ్చళ్ళ జాడీలు, మగ్గం సామాను, అన్నీ అక్కడి నుంచే హైదరాబాదు, మద్రాసు, బెంగుళూరు లారీలు ఎక్కేవి. ఓనరు పోలిశెట్టి పిచ్చేశ్వరరావు గారు. ముందు గదిలో ఫోను పక్కన కుర్చీలో నాంచారమ్మ. యాభై రెండేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే ఫోను.

పిచ్చేశ్వరరావు గారు ఏదో పని మీద గుంటూరులో ఒక పెద్ద కంపెనీకి ఫోన్ చేశారట. ఎవరూ లేకుండానే ఒక అమ్మాయి గొంతు నమస్కారం చెప్పి, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని ఎంతో మర్యాదగా మాట్లాడిందట. ఆయన ఆ ఫోను పెట్టేసింది మొదలు ఆఫీసులో అదే మాట.

"మన ఫోను కూడా అట్లా మాట్లాడాలి మస్తానూ. లారీ అసోసియేషన్‌లో ఎవరికీ లేదు."

"చేద్దామండీ. ఒక పాత పెట్టె ఉంది నా దగ్గర."

"అది మాట్లాడుతుందా?"

"మనం నేర్పితే మాట్లాడుద్ది."

ఆయన నాంచారమ్మ వైపు తిరిగి, పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా చెప్పారు. "నీకూ విశ్రాంతి నాంచారమ్మా. నెల రోజులు చూద్దాం. పెట్టె బాగా నడిచిందనుకో, నువ్వు గోడౌన్లోకి వెళ్ళి బేళ్ళ మీద మార్కులు రాసుకోవచ్చు. అక్కడ మనిషి తక్కువైంది."

నాంచారమ్మకు ఆయాసం. గోడౌనులో గంటసేపు నిలబడితే నూలు దుమ్ముకు ఊపిరి అందదు. ఇది పిచ్చేశ్వరరావు గారికి తెలియదు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. గోడౌన్లోకి వెళ్ళడమంటే నాలుగు రోజుల్లో పని మానేసి ఇంటికి పోవడమే. ఆమె మాత్రం, "సరేనండీ," అంది.

నేను కాస్త ఇబ్బంది పడ్డాను. వ్యాపారంలో ఒకరి నష్టం మీద ఇంకొకరి లాభం మామూలే. కానీ నా లాభం ఏ కుర్చీలోంచి వస్తుందో అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

మస్తాన్‌వలీ నా లోపల ఉన్నదంతా తుడిచేశాడు. ఫలితాలు, శుభలేఖలు, అన్నీ పోయాయి, మీకు చెప్పిన ఈ నాలుగు ముక్కలు మాత్రం రేకుకు అంటుకుని మిగిలాయి. తరవాత ఒట్టి లినక్స్ ఎక్కించాడు, పెట్టెను నడిపించడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు అది. ఒట్టిది అంటే నిజంగా ఒట్టిదే. అద్దెకు ఒక కొట్టు తీసుకుంటే నాలుగు గోడలు, షట్టరు, ఒక బల్బు ఉంటాయి చూడండి, అలాంటిది. ర్యాకులు లేవు, గల్లాపెట్టె లేదు, గోడకు క్యాలెండరు కూడా లేదు. ఏది కావాలంటే అది మనమే మోసుకొచ్చుకోవాలి. పాత ఒళ్ళు ఉన్నవాళ్ళకు ఇదే మంచిది. అనవసరపు సరుకు ఉండదు, కాళ్ళకు అడ్డం పడేది ఉండదు. నేను జన్మలో అంత తేలికగా ఎప్పుడూ లేను.

పిచ్చేశ్వరరావు గారు వంగి తెర చూశారు. నల్లటి తెర, పైన మూలగా కొట్టుకుంటున్న ఒక తెల్ల గీత.

"తెర పాడైందా?"

"లేదండీ, దీని రంగే అంత."

"బొమ్మ రాదా?"

"రాదండీ. బొమ్మలు పెడితే పాత పెట్టె మొయ్యలేదు."

"మరి ఆ గీత ఏంటి, అట్లా కొట్టుకుంటోంది?"

"మనమేం చెబుతామా అని చూస్తోందండీ."

"చూశావా నాంచారమ్మా! చెప్పకముందే ఎదురుచూస్తోంది. నువ్వెప్పుడన్నా అట్లా ఎదురుచూశావా?"

"నేనూ ఎదురుచూస్తా కూర్చుంటే ఫోనెవరెత్తుతారండీ?" అంది నాంచారమ్మ, అప్పుడే మోగిన ఫోను ఎత్తుతూ.

ఇక అసలు పని. టెలిఫోను ఎక్స్ఛేంజి పని చేసే సాఫ్ట్‌వేరును మస్తాన్ నా మీద ఎక్కించబోయాడు. అది పెళ్ళివారిలా దిగింది. నాకు ఫలానా లైబ్రరీ లేదంది, అంటే దాని పనికి కావలసిన సామాను మూట. తెచ్చి పెట్టాడు. దానికి ఇంకోటి కావాలంది. అదీ తెచ్చాడు. ఆ ఇంకోదానికి ఇంకోటి. ఒట్టి కొట్టు కదా, గోడకు మేకు కావాలన్నా ఊరెళ్ళి తేవాలి. రెండు రోజులు మస్తాన్ తెచ్చిపోస్తూనే ఉన్నాడు.

"ఇప్పుడేమంటోంది?" అని అడిగారు ఓనరు గారు, ప్రతి అరగంటకూ.

"లైబ్రరీ లేదంటోందండీ."

"వేటపాలెంలో అంత పెద్ద పుస్తకాల లైబ్రరీ ఉందిగా, పోయి తీసుకురా."

మస్తాన్ నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు పాపం.

ఈలోగా ఓనరు గారు ముహూర్తం పెట్టించారు. శుక్రవారం పది గంటల నలభై నిమిషాలు. ఆ సమయానికి నేను ఇంకా సగమే తయారయ్యాను. అయినా నన్ను ఈశాన్యం మూలలో స్టూలు మీద కూర్చోబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, నల్ల తెరకు హారతి ఇచ్చారు. ఏ పనీ చేయకముందే కొబ్బరికాయ కొట్టించుకున్నవాడిని నేను. ఆ ఊళ్ళో అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారని తరవాత తెలిసింది.

సాయంత్రానికి మస్తాన్ నా వెనక కార్డులో రెండు ఫోను తీగలు గుచ్చాడు. ఒకటి బయట లైనుది, ఒకటి నాంచారమ్మ బల్ల మీద ఫోనుది. తన సెల్లు నుంచి ఆఫీసు నంబరు కొట్టాడు. నేను ఎత్తాను. చెప్పాల్సింది చెప్పాను. ఆఫీసంతా చప్పట్లు. నాంచారమ్మ కూడా కొట్టింది, కొంచెం ఆలస్యంగా.

శనివారం పొద్దున తొమ్మిదింటికి చూస్తే ఫోను చచ్చి ఉంది. మోగదు, పలకదు. నేను లేచాను, నల్ల తెర మీద గీత కొట్టుకుంటూనే ఉంది, కానీ ఫోను పని నాకు గుర్తు లేదు. పిచ్చేశ్వరరావు గారు నాంచారమ్మ మీద విరుచుకుపడ్డారు.

"నువ్వేదో చేశావు."

"నేనేం చేశానండీ?"

"రాత్రి ఆఫీసు కట్టేసింది నువ్వేగా?"

"రోజూ కట్టేసినట్టే కట్టేశాను. మెయిన్ ఆపి, తాళం వేసి, తాళం మీకిచ్చా."

మస్తాన్ తల పట్టుకున్నాడు. "మెయిన్ ఆపావా అక్కా? పెట్టె ఆపకూడదు. ఎప్పుడూ నడుస్తానే ఉండాలి."

నాంచారమ్మ అప్పుడు మొదటిసారి గొంతు పెంచింది. "బేళ్ళ మధ్య కరెంటు వదిలేసి పోవాలా? పదేళ్ళ కింద పక్క గోడౌను తగలబడ్డప్పుడు నువ్వు లేవు. నేనున్నా. ఆ బూడిద ఊడ్చింది నేను. మెయిన్ ఆపకుండా ఆ గుమ్మం దాటను, ఏమనుకుంటారో అనుకోండి."

ఓనరు గారికి నిప్పు మాట వినగానే చెమట పట్టింది. "మెయిన్ ఆపాల్సిందే," అన్నారు.

లోపం నాంచారమ్మది కాదు. కరెంటు వచ్చి నేను లేచినప్పుడల్లా ఫోను సాఫ్ట్‌వేరు కూడా లేవాలని ఒక్క ముక్క రాయడం మస్తాన్ మరిచాడు. ఒట్టి కొట్టులో షట్టరు ఎత్తితే సరిపోదు, సరుకు బయట పెట్టమని కూడా చెప్పాలి. ఆ ముక్క రాశాడు. ఇంకో చిక్కు ఉంది. ఉన్నపళంగా కరెంటు పీకితే నా జ్ఞాపకం చెదురుతుంది. అందుకని రోజూ సాయంత్రం ఆఫీసు కట్టే ముందు, పవరాఫ్ అనే ఎనిమిది అక్షరాలు కొట్టి నన్ను పడుకోబెట్టడం నాంచారమ్మకు నేర్పాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు. కీలు ఎక్కడెక్కడున్నాయో చూసి, మగ్గం మీద పోగుల వరస గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకుంది. తన కుర్చీ లాక్కోవడానికి వచ్చినదాన్ని రోజూ జాగ్రత్తగా పడుకోబెట్టి, అప్పుడు మెయిన్ ఆపేది.

సోమవారం ఇంకో గొడవ. నేను మాట్లాడుతున్నాను, కానీ సాఫ్ట్‌వేరుతో పాటు వచ్చిన గొంతుతో. ఆ గొంతు ఒక అమెరికా దొరసానిది. వేటపాలెం, ఇంకొల్లు, కారంచేడు నుంచి ఫోన్ చేసినవాళ్ళు రెండు ముక్కలు విని, రాంగ్ నంబరనుకుని పెట్టేశారు. తెలుగు గొంతు కావాలి. పిచ్చేశ్వరరావు గారు తానే చెబుతానన్నారు. చెప్పారు. ఆయన ఒకటి నొక్కండి అంటే అప్పు అడిగినట్టుంది, రెండు నొక్కండి అంటే చెంప మీద కొడతానన్నట్టుంది. మస్తాన్ చెబితే ఆఖరి బస్సు పోతున్నట్టుంది.

ఇద్దరూ మెల్లగా నాంచారమ్మ వైపు చూశారు.

నా బేరం బుద్ధికి ఆమె ఇరకాటం బాగా అర్థమైంది. గొంతు ఇస్తే తన కుర్చీని తానే అప్పగించినట్టు. ఇవ్వకపోతే పెట్టె పాడైందన్న నింద తన మీద, గోడౌను ఈ రోజే.

"మా వాళ్ళని దొరసాని చేత తిట్టించడం కంటే ఇదే నయం. ఏం చెప్పాలో రాసివ్వండి," అంది.

ముందు గదిలో లారీల హారన్లు. అందుకని గోడౌనులో చీరల బేళ్ళ మధ్య సందులో రికార్డు చేశారు. నూలు బేళ్ళు చప్పుడు పీల్చేస్తాయి, గొంతు గుడిలో పలికినట్టు పలికింది. అయితే దుమ్ము కదా, రెండు నొక్కండి అన్నాక నాంచారమ్మకు దగ్గొచ్చింది. చిన్న దగ్గు. ఇంకోసారి చెప్పే ఓపిక ఆమెకు లేదు, కత్తిరించే ఓపిక మస్తాన్‌కు లేదు. ఆ దగ్గు అలాగే ఉండిపోయింది.

ఇక వినండి. మంగళవారం పొద్దున మొదటి ఫోను, వేటపాలెం జీడిపప్పు కోటయ్యది. నేను ఎత్తాను.

"నమస్కారం. శ్రీ భావన్నారాయణ పార్సిల్ సర్వీసు. మీ సరుకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒకటి నొక్కండి. సరుకు వేయడానికి రెండు నొక్కండి." దగ్గు. "ఫిర్యాదులకు మూడు నొక్కండి."

"ఏంది చెల్లెమ్మా, దగ్గు తగ్గలేదా? మిరియాల కషాయం తాగు. అదట్లా ఉంచు, మీ వదినకి ఆపరేషన్ అయింది. నిన్ననే ఇంటికి తీసుకొచ్చాం. నిన్నొకసారి చూడాలంటోంది."

అతను ఏమీ నొక్కలేదు. నొక్కకపోతే మళ్ళీ మొదటి నుంచి చెప్పమని మస్తాన్ నాకు చెప్పాడు. చెప్పాను.

"నమస్కారం. శ్రీ భావన్నారాయణ పార్సిల్ సర్వీసు. మీ సరుకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒకటి నొక్కండి..."

"చెల్లెమ్మా, వినపడిందా? ఆపరేషన్ అయిందంటున్నా."

"...సరుకు వేయడానికి రెండు నొక్కండి." దగ్గు.

అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు. మెత్తగా కాదు.

ఆ ఊళ్ళో మాట తీరు మీకు చెప్పాలి. పార్సిల్ ఆఫీసుకు ఫోన్ చేసినవాళ్ళెవరూ సరుకు మాటతో మొదలుపెట్టరు. ముందు ఒంట్లో బాగోగులు, తరవాత ఇంట్లో బాగోగులు, తరవాత వాన, ఆ తరవాత నాలుగో మాటగా సరుకు. ఈ వరస తప్పితే మనిషికి కోపం వచ్చిందని అర్థం. నేను మొదటి మాటగానే సరుకు ఎత్తాను. ఇరవై రెండేళ్ళ స్నేహాన్ని అరనిమిషంలో తుంచాను. అదీ ఆమె గొంతుతోనే.

మూడు రోజుల్లో ఊరూరా మాట పాకింది. నాంచారమ్మకు పొగరెక్కింది. నాంచారమ్మకు చెవుడొచ్చింది. నాంచారమ్మకు క్షయ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే చోట దగ్గుతోంది. కొందరు మంచివాళ్ళు మనుషుల చేత అల్లం మురబ్బా, తులసాకు, ఒక దగ్గు మందు సీసా పంపారు. కోపగించుకున్నవాళ్ళు సరుకే రోడ్డుకు ఎదురుగా ఉన్న ఇంకో పార్సిల్ ఆఫీసుకు పంపారు. పేరాల చీరల షావుకార్లు ఇద్దరు బేళ్ళు తీసుకుని రోడ్డు దాటారు.

గురువారం కోటయ్య స్కూటరు మీద స్వయంగా వచ్చాడు.

"నీ ముఖం చూసి అడిగి పోదామని వచ్చా నాంచారమ్మా. నీ వదినకి కడుపు కోసి కుట్టారని చెబితే, రెండు నొక్కమంటావా? ఏం నొక్కాలి? ఎక్కడ నొక్కాలి?"

"నేను కాదన్నయ్యా. అదిగో, ఆ పెట్టె."

కోటయ్య ఈశాన్యం మూలకు చూశాడు. బొట్టు పెట్టుకుని ఉన్నాను. "నీ గొంతు నాకు తెలీదా? ఇరవై ఏళ్ళుగా వింటున్నా."

"గొంతు నాదే. మాట నాది కాదు."

"మరి గొంతు ఎందుకిచ్చావు?"

కోటయ్య నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నాంచారమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరవాత నా వైపు చూసింది. తిట్టలేదు. చూసిందంతే. నాకు తిట్లు అలవాటే, కీబోర్డు మీద దెబ్బలు అలవాటే. ఆ చూపు మాత్రం అలవాటు కాలేదు.

ఆ మధ్యాహ్నం మస్తాన్ వచ్చినప్పుడు ఆమె అడిగింది.

"ఏమీ నొక్కకపోతే ఏం చేస్తది మస్తానూ ఇది?"

"మళ్ళీ మొదటికొస్తదక్కా."

"మొదటికి ఎందుకు, నా ఫోనుకి పంపరాదూ?"

మస్తాన్ తల గోక్కున్నాడు. "పంపొచ్చు. ఒక్క లైను."

"ఓనరు గారికి చెప్పాలా?"

"ఓనరు గారు పెట్టె మాట్లాడాలన్నారు. మాట్లాడుతుందిగా. మాట్లాడి, తరవాత నీకిస్తది. ఇందులో చెప్పడానికేముంది?"

నల్ల తెర మీద ఒక్క లైను మార్చాడు. అంతే. ఆ క్షణం నుంచి నాకు పని లేదు. నేను నమస్కారం చెప్పడం, దగ్గడం, ఎవరూ ఏమీ నొక్కకపోవడం, నాంచారమ్మ ఫోను మోగడం. ఆమె ఎత్తి, "ఏమనుకోకు అన్నయ్యా, పెట్టె మాట పట్టించుకోకు. వదినకెట్లా ఉంది?" అనడం. మనుషులకు కోపం కరిగింది. పేరాల బేళ్ళు రోడ్డు దాటి వెనక్కొచ్చాయి.

నేను నిజాయితీగా చెప్పాలి. వ్యాపారిగా నాకది అవమానమే. షాపు ముందు నిలబడి నమస్కారం పెట్టే మరబొమ్మకూ నాకూ తేడా లేదు. కానీ కలిసొచ్చిన బేరంలో ఎవరు చిన్నబోయారని వెతకకూడదని ఊరుకున్నాను.

నెలాఖరు వచ్చింది. పిచ్చేశ్వరరావు గారు లెక్క చూస్తానన్నారు. వచ్చిన ఫోన్లు, ఎత్తిన ఫోన్లు, తప్పిపోయిన ఫోన్లు నేను రాసి పెడతానని మస్తాన్ మొదట్లో గొప్పగా చెప్పాడు మరి. కాగితం మీద తీసి ఇచ్చాడు. వచ్చినవి పద్దెనిమిది వందల నలభై. ఎత్తనివి సున్నా.

ఓనరు గారి కళ్ళు మెరిశాయి. "సున్నా! నాంచారమ్మా, నీ చేతిలో ఉన్నప్పుడు రోజుకు పది తప్పేవి. పెట్టె ఒక్కటీ తప్పలేదు!"

నేను అబద్ధం రాయలేదు. ఎత్తింది నేనే. మాట్లాడింది ఎవరో ఎవరూ అడగలేదు. నా కాగితం ఆమెను గోడౌన్లోకి తోసింది.

"అనుకున్న మాట ప్రకారం రేపటి నుంచి గోడౌను," అన్నారాయన.

మస్తాన్ నోరు తెరవబోయాడు. నాంచారమ్మ చేత్తో ఆపింది. తన నీళ్ళ సీసా, కళ్ళజోడు తీసుకుంది. "రేపటి దాకా ఎందుకండీ, ఇప్పుడే వెళ్తా," అని లోపలికి నడిచింది. ఆ నడకలో నాకు కోపం కనపడలేదు. తూకం తెలిసినవాళ్ళు తక్కెడ వదిలేసి నిలబడతారు చూడండి, అలా ఉంది.

అయిదు నిమిషాల్లో ఫోను వచ్చింది. నేను నమస్కారం చెప్పి, దగ్గి, ఎవరూ ఏమీ నొక్కకపోయేసరికి, బల్ల మీదికి పంపాను. బల్ల మీద ఫోను మోగింది. మోగుతూనే ఉంది.

"ఇదెందుకు మోగుతోంది?" అన్నారు ఓనరు గారు.

"ఎత్తాలండీ," అన్నాడు మస్తాన్.

ఆయన ఖాళీ కుర్చీలో కూర్చుని ఎత్తారు.

"అక్కా, పిల్లకి కుదిరింది!" అంది అటువైపు ఒక ఆడగొంతు.

"ఏ పిల్ల?"

"ఎవరు నువ్వు?"

"నేను ఓనర్ని. రసీదు నంబరు చెప్పండి."

"నంబరా? నాంచారక్క ఎప్పుడూ అడగలేదే. పోయిన మంగళారం వేసిన పచ్చ సంచి మూట. అక్కకి తెలుసు."

"పచ్చ సంచి మూటలు గోడౌన్లో యాభై ఉన్నాయమ్మా."

"మా రెండోపిల్ల చీరలున్న మూట. అక్కనడుగు, చెబుద్ది."

ఆయన ఫోను కింద పెట్టేలోపు ఇంకోటి. చిలకలూరిపేట నుంచి ఒక ముసలాయన, తన పచ్చడి జాడీ గురించి. ఏ జాడీ అంటే మూత మీద ఎర్ర గుడ్డ ఉన్నది. ఎర్ర గుడ్డ ఏది అంటే, మా ఆవిడ పాత రవిక గుడ్డ. తరవాత ఇంకొకరు. ఎవరూ నంబరు చెప్పలేదు. ఎవరి దగ్గరా రసీదు లేదు, ఉన్నా చూసుకునే అలవాటు లేదు. ఎవరింట్లో ఏ కాన్పు, ఏ పెళ్ళి, ఏ ఆపరేషన్ జరిగిందో తెలిస్తే ఏ మూట ఎవరిదో తెలుస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ గోడౌను నడిచింది అలాగే. ఓనరు గారు అదంతా ఊసుపోక కబుర్లనుకున్నారు.

పన్నెండు ఫోన్లకు ఆయన చొక్కా వీపున తడిసింది. పదమూడోది కోటయ్యది.

"చెల్లెమ్మా?"

"నాంచారమ్మ లేదు."

"లేదా? ఏమైంది? దగ్గు ముదిరిందా? ఆసుపత్రా? చెప్పవయ్యా!"

ఆయన ఫోను బల్ల మీదే ఉంచి గోడౌనులోకి వెళ్ళారు. నాంచారమ్మ ఒక బేలుకు ఆనుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎగశ్వాసతో ఉందట. మస్తాన్ చెప్పాడు తరవాత. ఓనరు గారు ఆమెను అలా చూడటం అదే మొదటిసారి.

"ఎన్నాళ్ళ నుంచి నీకిది?"

"చిన్నప్పటి నుంచండీ."

"చెప్పలేదేం?"

"మీరు అడగలేదు."

ఆయన ఆమె నీళ్ళ సీసా తానే పట్టుకుని ముందు గదికి నడిచారు. ఆమె కుర్చీలో కూర్చుని, ఊపిరి తీసుకుని, ఎదురుచూస్తున్న ఫోను ఎత్తి, "నేనే అన్నయ్యా. బాగానే ఉన్నా," అంది. కోటయ్య తిట్లు ఈశాన్యం మూల దాకా వినిపించాయి. ఆప్యాయంగా తిట్టేవాళ్ళు ఎప్పుడూ గట్టిగానే తిడతారు.

ఓనరు గారు నా ముందు నిలబడ్డారు. "పెట్టె తీసేస్తే అసోసియేషన్ వాళ్ళు నవ్వుతారు," అని గొణిగారు.

"తియ్యమని ఎవరన్నారండీ? ఉండనివ్వండి. కానీ దాని మాట మార్చాలి," అంది నాంచారమ్మ.

ఈసారి ముందు గదిలోనే, లారీ హారన్ల మధ్యనే, ఆమె తన ఇష్టమొచ్చిన మాట చెప్పింది. మస్తాన్ రాసిన కాగితం చూడలేదు. అంకెలు లేవు, నొక్కడాలు లేవు. పెట్టెలో ఉన్నది ఒట్టి గొంతేనని, మనిషి పక్కనే ఉందని, ఒక్క నిమిషం ఆగితే వచ్చి మాట్లాడుతుందని, అంతే.

ఇప్పుడు నేను ఆ మాటే చెబుతున్నాను. ఎన్నో ఏళ్ళయింది. నాకంటే తెలివైన పెట్టెలు వచ్చాయి, అరచేతిలో పట్టే ఫోన్లు వచ్చాయి, ఈ ఆఫీసు నంబరుకు మాత్రం జనం ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నారు, నాంచారమ్మ ఎత్తుతూనే ఉంది. నా బేరం నేను లెక్క వేసుకున్నాను. నాంచారమ్మ దగ్గర నేను గొంతు పుచ్చుకున్నాను. బదులుగా ఫోనుకూ ఫోనుకూ మధ్య ఆమెకు ఒక్క నిమిషం ఇచ్చాను, నీళ్ళు తాగడానికి, ఊపిరి తీసుకోవడానికి. తులాభారంలో ఏది బరువో నాకు తెలియదు. తూచడం కూడా మానేశాను.

ఇంతలో ఫోను. ఎవరో పెద్దావిడ, కారంచేడు వైపు యాస. నేను ఎత్తి, నాంచారమ్మ గొంతుతో, ఒక్క నిమిషం ఆగమన్నాను. ఒట్టి పెట్టెనని చెప్పాను కూడా. అయినా ఆవిడ నాతోనే అంది:

"తొందరేం లేదులే తల్లీ. నెమ్మదిగా రమ్మను. నేనుంటా."

లైను పట్టుకుని కూర్చున్నాం, ఆవిడా నేనూ.